అత్తయ్యకి దెబ్బ తగలని చొక్కా

తల బయటికి వచ్చింది, కానీ రావలసిన చోటి నుంచి రాలేదు. అద్దంలో చూసుకుంటే సంగతి అర్థమైంది. మెడకి వదిలిన ఖాళీలోంచి నా ఎడమ చెయ్యి నిటారుగా లేచి ఉంది, క్లాసులో జవాబు తెలిసిన పిల్ల ఎత్తినట్టు. చెయ్యి దూర్చాల్సిన ఖాళీలోంచి నా తల ఒక పక్కకి వాలి బయటికి చూస్తోంది. కుడి చెయ్యి లోపలే ఉండిపోయి పొట్టకి అతుక్కుపోయింది, వేళ్ళు కదుపుతుంటే పైకి ఏదో జంతువు దొర్లుతున్నట్టు కనిపిస్తోంది. మొత్తం మీద నేను 'ఝ' అక్షరంలా ఉన్నాను, అది కూడా చేతిరాత బాగాలేని వాళ్ళు రాసిన 'ఝ'లా. ఇది కొట్టులో బట్టలు వేసుకు చూసుకునే మూడడుగుల గది. ఒక తెర, ఒక అద్దం, ఒక స్టూలు, స్టూలు మీద నా సంచీ, సంచీ మీద నా ఫోను. తెర అవతల మా అత్తయ్య కొట్టాయన్ని గాలిపటం తాళ్ళ గురించి అడుగుతున్నారు, ఎన్నాళ్ళకి మారుస్తారు, ఎండలో పెడతారా, ముడి దగ్గర చూస్తారా అని. ఆ గొంతు వింటే ఇప్పట్లో అయ్యేలా లేదు. కేకేసి పిలుద్దామా అనుకున్నాను. నలభై నాలుగేళ్ళ మనిషిని, ఆస్పత్రిలో ఇరవై రెండేళ్ళుగా ఎక్స్‌రేలు తీస్తున్నదాన్ని, రోజుకి యాభై మందికి చెయ్యి ఇలా పెట్టండి తల అలా తిప్పండి అని చెప్పేదాన్ని, నా తల ఎందులోంచి వస్తోందో నాకే తెలియలేదని ఎలా చెప్పను.

దీన్ని ఇంపాక్ట్ వెస్ట్ అంటారట. చేతుల్లేని కురచ చొక్కా, లోపల వేలి మందం స్పాంజి పలకలు. పెద్ద గాలిపటాన్ని నడుముకి తగిలించుకుని, కాళ్ళ కింద పలక పెట్టుకుని, సముద్రం మీద జారుతూ పోయే ఆట ఒకటుంది, కైట్ సర్ఫింగ్, ఆ ఆటలో కిందపడితే పక్కటెముకలకి దెబ్బ తగలకుండా వేసుకునేది. నీళ్ళ మీద పడితే దెబ్బేమిటి, నీళ్ళు మెత్తన కదా అని పదిహేను రోజుల క్రితం వరకు నేనూ అనుకున్నాను. ఆ పైనుంచి ఆ వేగంతో పడితే నీళ్ళు మెత్తగా ఉండవు. నాకు తెలుసు, నేను ఫొటో తీశాను. ఎడమవైపు ఏడో పక్కటెముక, వెంట్రుకంత బీట. ఆ ఎముక అరవై మూడేళ్ళ మా అత్తయ్యది. ఆవిడకి ఎడమ చెయ్యి ఇంకా సరిగ్గా లేవడం లేదు కాబట్టి, ఆ సంగతి కొట్టాయనకి తెలిస్తే ఆయన వెళ్ళి నేర్పే మాస్టారికి చెప్తాడు కాబట్టి, మాస్టారు నీళ్ళలోకి రానివ్వడు కాబట్టి, మా అత్తయ్య లోపలికి రాగానే నా భుజం మీద చెయ్యేసి, మా కోడలు వేసుకు చూస్తుంది, మా ఇద్దరిదీ ఒకటే కొలత అని నవ్వారు. అది అబద్ధం కాదు. పంతొమ్మిదేళ్ళుగా మా ఇంట్లో స్వెట్టర్లు ఎవరివో ఎవరికీ తెలియదు. కానీ నాకు ఈత రాదు. బకెట్టు నిండుతుంటే పరుగెత్తుకెళ్ళి కొళాయి కట్టే రకం నేను. సముద్రం కోసం కుట్టిన చొక్కాలో నేను ఇరుక్కోవడం చూస్తే సముద్రానికే నవ్వొస్తుంది.

అసలు భయం ఎలా ఉంటుందో నాకు నేర్పింది ఆవిడే. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో వీధి చివరి వరకు వెళ్ళి, గ్యాసు కట్టానా అని వెనక్కి వచ్చేవారు. మళ్ళీ వీధి చివరికి వెళ్ళి, తాళం వేశానా అని ఇంకోసారి వచ్చేవారు. తడితలతో కిటికీ దగ్గర కూర్చోనిచ్చేవారు కాదు. ద్రాక్షపండు గొంతులో అడ్డం పడుతుందని నిలువుగా రెండు ముక్కలు కోసి తన కొడుక్కి పెట్టేవారు, అప్పటికి నా భర్తకి ఇరవై ఏడు. ఉద్యోగం చూస్తే లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. ముప్ఫై మూడేళ్ళు ఊళ్ళో ఉన్న లిఫ్టులన్నీ ఎక్కి, తీగలన్నీ బొటనవేలితో తడిమి, ఇది భేషుగ్గా ఉంది అని సంతకం పెట్టి, తొమ్మిదో అంతస్తు నుంచి మెట్ల మీదుగా దిగి ఇంటికొచ్చేవారు. సొంత పనికి ఎక్కడికెళ్ళినా మెట్లే. ఎందుకు అత్తయ్యా, మీరు సంతకం పెట్టిన లిఫ్టే కదా అంటే, పెట్టింది పోయిన నెల కదమ్మా, ఇవాళ ఎవరు చూశారు అనేవారు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత చిరాకేసేది. తర్వాత ఎప్పుడో తెలియకుండా ఒంటికి పట్టేసింది, ఇప్పుడు వీధి చివరి నుంచి వెనక్కి వచ్చేది నేను. ద్రాక్షపళ్ళు కోసేది నేను. ఆయనకి నలభై ఆరు. నేను కోస్తాను, ఆయన తింటారు, ఇద్దరం ఆ విషయం మాట్లాడుకోం.

ఆవిడ ఎప్పుడు మానేశారో సరిగ్గా చెప్పగలను. రిటైరైన నాలుగో నెల. పొద్దున్నే సముద్రం ఒడ్డున నడవడం మొదలుపెట్టారు, బూట్లేసుకుని, విజిల్ మెళ్ళో వేసుకుని, ఎవరైనా పట్టుకుంటే ఊదడానికి. ఒకరోజు ఇసుకలో ఎవరో గాలిపటం తాళ్ళు పరిచిపెట్టి ఉంటే దాటబోయి ఆగారట. వంగి బొటనవేలితో తడిమారట. ఒక తాడు పైపొర చిట్లి ఉందట. నేర్పే మాస్టారిని పిలిచి, పిల్లల్ని దీనికి కట్టి ఎగరేస్తావా, నీకు బుద్ధుందా అని అరగంట తిట్టారట. అతను నిలబడి విని, మిగతావి కూడా కాస్త చూసి పెడతారా అమ్మా అన్నాడట. అక్కడ చెడింది. రోజూ వెళ్ళి తాళ్ళు చూడడం, తర్వాత గాలిపటం పట్టుకుని ఇసుకలో నిలబడడం, తర్వాత మోకాళ్ళ దాకా నీళ్ళు, తర్వాత నడుము దాకా. ఒక ఆదివారం మేమిద్దరం ఒడ్డుకెళ్ళేసరికి దూరంగా నారింజరంగు గాలిపటం కింద ఒక మనిషి నీళ్ళ మీద జారుతూ పోతోంది. బాగా చేస్తోందే ఆవిడెవరో అన్నారు నా భర్త. ఆ నిలబడే తీరు నేను గుర్తుపట్టాను. లిఫ్టులో పైకప్పు చూస్తూ నిలబడే తీరు అది. చెప్పలేదు. దగ్గరికొచ్చాక ఆయనే గుర్తుపట్టారు, పట్టి అక్కడే ఇసుకలో కూర్చుండిపోయారు.

ఆయన పనిచేసేది వాతావరణ ఆఫీసులో. ఊరందరికీ గాలి ఎటు వీస్తుందో, ఎంత వీస్తుందో చెప్పేది ఆయనే. ఆ రోజు నుంచి రాత్రి భోజనాల దగ్గర ఆవిడ, రేపు గాలి ఎంతరా అని అడగడం, ఈయన కంచంలోకి చూస్తూ, ఏముందమ్మా, అసలు లేదు, ఆకు కూడా కదలదు అనడం. ఊరికి ఒక గాలి, మా ఇంటికి ఒక గాలి. మర్నాడు పొద్దున ఆవిడ బాల్కనీలో ఆరేసిన దుప్పటి ఎగిరి పక్కింటి వాళ్ళ బాల్కనీ మీద పడడం చూసి, మీ ఆఫీసువాళ్ళు ఇంకా సరిగ్గా నేర్చుకోలేదురా అని చెప్పి బయల్దేరేవారు.

ఇవాళ పొద్దున ఆయన నన్ను వంటగదిలో మూలకి పిలిచి మెల్లిగా చెప్పారు. వెస్ట్ లేనిదే ఇక నీళ్ళలోకి రానివ్వనన్నాడట ఆ మాస్టారు. అంటే ఇదే అవకాశం. కొట్టుకి నువ్వు వెంట వెళ్ళు, అన్నీ చూపించు, ఏదీ సరిపోలేదని చెప్పు, ఆస్పత్రి మనిషివి కదా నువ్వు చెప్తే అమ్మ నమ్ముతుంది. సరేనన్నాను. మాటిచ్చాను. దానికి పదిహేను రోజుల ముందు ఆవిడకి ఇంకో మాటిచ్చాను. ఆ రోజు నా డ్యూటీ ముగిసే వేళకి ఆవిడ ఆస్పత్రికి వచ్చి, వరుసలో చివర కూర్చుని, అందరూ వెళ్ళాక లోపలికొచ్చారు. స్నానాల గదిలో జారానన్నారు. జుట్టులో ఇసుక ఉంది. ఎక్స్‌రే పలక ముందు నిలబెట్టాను. ఊపిరి బిగపట్టండి అన్నాను, ఇన్నేళ్ళలో ఆవిడకి నేను ఇచ్చిన మొదటి ఆజ్ఞ అది. వదలండి అన్నాను. వదలలేదు. అత్తయ్యా, వదలండి అని ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది. ఫొటో డ్యూటీ డాక్టరుకి చూపిస్తే, బీటే, పక్కకి జరగలేదు, ఆరు వారాలు బరువులు వద్దు ఆటలు వద్దు అన్నాడు. ఆట అనే మాట ఎందుకన్నాడో పాపం. బయటికొచ్చాక ఆవిడ, వాడికి చెప్పకు, నిద్రపోడు అన్నారు. సరేనన్నాను. ఆరు వారాలు ఒడ్డునే ఉంటాను అని ఆవిడా నాకు మాటిచ్చారనే అనుకున్నాను. ఇవాళ బస్సులో తెలిసింది, ఉంటాను అనలేదు, ఊఁ అన్నారు అంతే. రేపు పొద్దున గాలి బ్రహ్మాండంగా ఉందట. వెస్ట్ ఉంటే పక్కటెముకకి ఏమీ కాదట. బీట పడ్డ గోడకి సున్నం కొట్టినట్టుంది ఈ లెక్క అని మనసులో అనుకున్నాను, పైకి కిటికీలోంచి చూశాను.

కొట్టాయన మంచివాడే. పెద్దమనిషి, ముక్కు ఎప్పుడో విరిగి కాస్త పక్కకి అతుక్కుంది, ఫొటో తీస్తే ఎలా ఉంటుందో నాకు కనిపిస్తూనే ఉంది. ఏది చెప్పినా చివర 'కానీ' ఉంటుంది, అందుకని మనసులో కానీగారు అని పేరు పెట్టేశాను. మొదట అన్నిటికన్నా మందమైనది తెచ్చాడు. అది వేసుకుంటే నేను బీరువాలా ఉన్నాను. దెబ్బ తగలదమ్మా, కానీ ఇది బెండులా తేల్చేస్తుంది, పెద్ద అల వస్తే దాని కిందికి మునిగి తప్పించుకోలేరు, చేతులు కూడా సాగవు. రెండోది కాస్త వదులుగా, హాయిగా ఉంది, ఇదే బాగుందన్నాను. ఆయన నా వెనక నిలబడి రెండు భుజాల దగ్గరా పట్టుకుని పైకి ఎత్తాడు. వెస్ట్ చెవుల దాకా వచ్చి, ఊరు కనబడకుండా పోయింది. హాయిగానే ఉంటుంది, కానీ నీళ్ళలో పడగానే మీరు కిందికి, ఇది పైకి అన్నాడు. ఇది వేసుకుంటే మునగరు కదా అని అడిగాను, నా గొంతు ఎందుకో పిల్ల గొంతులా వచ్చింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇది లైఫ్ జాకెట్ కాదమ్మా, కాస్త తేలుస్తుంది, కానీ స్పృహ తప్పితే మొహం పైకి తిప్పి పెట్టదు. అప్పుడు మా అత్తయ్య పసుపురంగుది చూపించి, అది తియ్యండి అన్నారు. పై భాగం మందం, నడుము దగ్గర పలచన, గాలిపటం తగిలించే పట్టీ అక్కడ సరిగ్గా కూర్చోవడానికి. పక్కన చంక కింద చిన్న జిప్పు. పసుపు ఎందుకంటే దూరం నుంచి కనిపిస్తుందని ఆయన అన్నాడు. నా మొహం తెల్లగా ఉంటుంది కదా, పసుపైతే తేలుతుంది అని మా అత్తయ్య అన్నారు. అది తీసుకుని ఈ తెర లోపలికి వచ్చాను. వచ్చి పావుగంట అయింది.

ఫోను మోగింది. ఆయనే. మోగి మోగి ఆగి మళ్ళీ మోగింది, నా భర్తకి భయం వేస్తే రెండోసారి వెంటనే చేస్తారు, మూడోసారి ఆస్పత్రికి చేస్తారు, అదీ నాకు తెలుసు. ఉన్న రెండు చేతుల్లో ఒకటి ఆకాశంలో, ఒకటి పొట్టలో. వంగాను. వంగి ముక్కుతో నొక్కాను. మొదట తప్పుచోట నొక్కాను, తర్వాత సరైన చోటే నొక్కాను, దాంతోపాటు స్పీకరు కూడా నొక్కినట్టున్నాను, ఎందుకంటే ఆయన గొంతు గదంతా నిండింది.

"ఏమైంది? ఏదీ సరిపోలేదనేగా చెప్పావు? గట్టిగా చెప్పు. అమ్మ నీ మాట కాదనదు."

తెర అవతల తాళ్ళ గురించి మాటలు ఆగిపోయాయి.

తర్వాత చేస్తాను అని మాత్రం అన్నాను. మళ్ళీ ముక్కుతో నొక్కాను. వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను, లేస్తే అద్దంలో నన్ను నేను చూడాలి. అడుగుల చప్పుడు. ఆ అడుగులు నాకు తెలుసు, ఇన్నేళ్ళు ఆ చప్పుడుని బట్టే తడితల తుడుచుకున్నాను. తెర ఒక పక్కకి జరిగింది, మా అత్తయ్య లోపలికి వచ్చి మళ్ళీ తెర వేశారు. ఆ గదిలో ఒక మనిషే కష్టం. నన్ను చూశారు, పైనుంచి కిందికి, పైకెత్తిన నా చేతిని, వాలిన నా తలని, పొట్టలో కదులుతున్న వేళ్ళని. తిడతారనుకున్నాను. ఏడుస్తారేమో అనుకున్నాను. ఆవిడ మొహంలో లిఫ్టు మధ్యలో ఆగితే వచ్చే శ్రద్ధ వచ్చింది.

"ఇందులోకి ఎలా దూరావమ్మా?"

తెలియదన్నాను. ఊపిరంతా వదిలెయ్ అన్నారు. వదిలాను. కుడిచేత్తో అంచు పట్టుకుని లాగారు, ఒక కాలు గోడకి తన్నిపెట్టి. రాలేదు. రెండోసారి రెండు చేతులతో లాగబోయి, సగంలో ఆగిపోయారు. పెదవి పంటి కింద పెట్టుకున్నారు. నుదుటి మీద చెమట పుట్టడం అంత దగ్గర నుంచి చూశాను. అత్తయ్యా వద్దు, కూర్చోండి అన్నాను. సంచీ ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నారు. నేను చెయ్యెత్తి నిలబడి ఉన్నాను, ప్రమాణం చేస్తున్నట్టు. తర్వాత ఆవిడ, పక్కటెముక సంగతి వాడికి చెప్పావా అని అడిగారు. చెప్పలేదన్నాను. వాడి సంగతి నాకూ చెప్పలేదు అన్నారు. లేదన్నాను. ఇద్దరికీ మాటిచ్చి ఇద్దర్నీ మోస్తున్నావన్నమాట అన్నారు, నవ్వకుండా, తీగ మీద పడే బరువు లెక్కేసినట్టు.

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. చంకలోంచి తల వచ్చిన మనిషి కోపంగా మాట్లాడితే ఎలా ఉంటుందో తెలిసే మాట్లాడాను. ఇన్నేళ్ళూ మమ్మల్ని భయపెట్టి చంపారు కదా, గాలికి భయం, వానకి భయం, ద్రాక్షపండుకి భయం, అదంతా నా చేతిలో పెట్టి మీరు చేతులు దులుపుకుని గాల్లోకి లేచిపోయారు, నాకు నిద్ర పట్టడం లేదు, మీకెలా పోయింది, అదెలా పోయిందో నాకు చెప్పండి అని గబగబా అనేశాను. కొట్టాయన వింటున్నాడని తెలుసు. విననీ.

ఆవిడ సంచీ పట్టీ సరిచేసుకున్నారు.

"పోయిందని ఎవరన్నారు? ఒడ్డున నిలబడ్డ ప్రతిసారీ నా కాళ్ళు వణుకుతాయి. ఆ పడ్డ రోజు మాస్టారు వదిలెయ్ వదిలెయ్ అని అరుస్తున్నాడు, నేను భయంతో గాలిపటం కడ్డీ వదల్లేదు. అందుకే పడ్డాను." నుదుటి చెమట తుడుచుకున్నారు. "ఇంట్లో ఉంటే వాడి కోసం భయం, నీ కోసం భయం, ఊళ్ళో లిఫ్టు ఎక్కిన ప్రతివాడి కోసం భయం. నీళ్ళ మీద ఉన్నంతసేపూ నా ఒక్కదాని కోసం భయపడితే చాలు. ఎంత తేలికో నీకు తెలియదు."

పైకెత్తిన చెయ్యి తిమ్మిరెక్కింది. నిజంగానే తెలియదు నాకు. నా ఒక్కదాని కోసం నేను ఎప్పుడు భయపడ్డానో గుర్తు చేసుకుందామని చూశాను, ప్రతిదాంట్లోనూ ఎవరో ఒకరు ఉన్నారు. ఆయన, ఆవిడ, పలక ముందు నిలబడి ఊపిరి బిగపట్టిన రోజుకి యాభై మంది. ఆవిడ లేచి, వంగి, నా పక్కన చంక కింద బొటనవేలు పెట్టి మెల్లిగా కిందికి తడుముకుంటూ వచ్చారు. ఒకచోట ఆగారు. జిప్పు తియ్యకుండా దూరావు అన్నారు. సర్రుమని లాగారు. వెస్ట్ రెండుగా విచ్చుకుని, నేను పుట్టినంత సులువుగా బయటపడ్డాను.

జుట్టు సర్దుకుని, ఊపిరి తీసుకుని, ఒక మాట చెప్పాలి అన్నాను. ఏడుపు రాకుండా, ఆస్పత్రి గొంతుతో చెప్పాను. వెస్ట్ కొందాం. సరిపోయేదే కొందాం. కానీ ఇంకో నాలుగు వారాలు నీళ్ళలోకి దిగడానికి లేదు. నాలుగు వారాలయ్యాక నేను మళ్ళీ ఫొటో తీస్తాను, డాక్టరు చూస్తాడు, ఎముక అతుక్కుంటే మీ ఇష్టం. ఆయనకి ఇవాళే చెప్పేస్తాను, అన్నీ. రేపు గాలి ఎంత బాగుంటుందో నీకు తెలియదు అన్నారు ఆవిడ. రేపటి గాలి మీది కాదత్తయ్యా అన్నాను. నా నోట్లోంచి ఆ మాట వచ్చినందుకు నేనే బెదిరిపోయాను.

"సంతకం నీదేనా?" అని అడిగారు.

నాదే అన్నాను. సరే అన్నారు. ఊఁ అనలేదు, సరే అన్నారు, నేను జాగ్రత్తగా విన్నాను.

కొట్టాయన ఏమీ విననట్టు మొహం పెట్టి, అదే పసుపుది ఒక కొలత పెద్దది తెచ్చాడు. ఈసారి జిప్పు తీసి, మా అత్తయ్య పట్టుకుంటే, చెయ్యి చెయ్యిలోంచి, తల తలలోంచి దూర్చాను. ఒంటికి పట్టుకుంది గానీ నొక్కలేదు. నిండుగా ఊపిరి తీసుకుంటే కాస్త అడ్డం తగిలి, తర్వాత దారిచ్చింది. భుజాల దగ్గర పట్టుకుని ఎత్తి చూశాడు, రెండు వేళ్ళ మందం కదిలి ఆగింది. చేతులు తిప్పించాడు. కింద కూర్చోమన్నాడు, లేవమన్నాడు. ఇంక ఒకటే ఉంది, నడుం పట్టీతో కలిపి చూడాలి, కానీ మీకు ఇష్టమైతేనే అన్నాడు. పైకప్పుకి ఒక కొక్కెం, దానికి తాడు. పట్టీ కట్టి, దాని ముందున్న కొండీ ఆ తాడుకి తగిలించి వేలాడాలి. మా అత్తయ్య ముందుకొచ్చారు. నేను అడ్డంగా నిలబడ్డాను. నేనే వేలాడతాను అన్నాను. అది ధైర్యం కాదు, ఏడో పక్కటెముక. ఆవిడ మాత్రం ముందు ఆ తాడు మొదలు నుంచి చివరి వరకు తడిమి, స్టూలెక్కి కొక్కెం కూడా చూసి, తగిలించు అన్నారు.

కాళ్ళు నేల వదిలాయి. జానెడు ఎత్తు, అంతకన్నా లేదు. పలక ముందు నిలబడ్డ వాళ్ళందరిలాగా ఊపిరి బిగపట్టేశాను. పట్టీ నడుముని పట్టుకుంది, వెస్ట్ పైకి జరగలేదు, పక్కల్ని రెండు అరచేతులతో పట్టుకున్నట్టుంది. మెల్లిగా గిరగిర తిరగడం మొదలైంది. గోడకి ఆనించిన జారుడు పలకలు పోయాయి, అద్దం పోయింది, కానీగారి ముక్కు పోయింది, మా అత్తయ్య పోయారు, మళ్ళీ పలకలు వచ్చాయి. తాడు తెగితే పడతాను, నేనే పడతాను, ఇంకెవరూ పడరు. ఎంత చిన్న భయం. చేతిలో పట్టేంత. నవ్వొచ్చింది, ఒంటికి పట్టిన చొక్కాలో నవ్వితే అది పక్కటెముకలన్నిటికీ విడివిడిగా తెలుస్తుంది.

ఫోను మళ్ళీ మోగింది. మా అత్తయ్య తీసి, నా చెవి దగ్గర పెట్టి, నేను తిరుగుతుంటే నాతోపాటు చుట్టూ నడిచారు. గొంతు అలా ఉందేమిటి, ఎక్కడున్నావు అన్నారు ఆయన. వేలాడుతున్నాను అన్నాను. మీ అమ్మగారికి పదిహేను రోజుల క్రితం పక్కటెముక బీటవారింది, ఫొటో నేనే తీశాను, మీకు చెప్పలేదు, ప్రమాదమేమీ లేదు, ఇంకో నాలుగు వారాలు దిగనని ఒప్పుకున్నారు, వెస్ట్ కొంటున్నాం, పసుపుది అన్నాను. అన్నీ ఒక చుట్టులో చెప్పేశాను. ఇంకో ఒకటిన్నర చుట్టు తిరిగాను. తర్వాత ఆయన, ఎన్నో పక్కటెముక అని అడిగారు. ఏడోది అన్నాను. అమ్మకివ్వు అన్నారు. ఆవిడ ఫోను చెవిన పెట్టుకుని, ఊఁ, ఊఁ, అవునురా, తప్పే, ఊఁ, నేను రేపే వెళ్దామనుకున్నాను, నీ భార్య ఒప్పుకోలేదు, ఏం చెయ్యను అన్నారు. ఆ ఫిర్యాదులో ఎక్కడో గొప్ప వినిపించింది, నాకలా అనిపించిందేమో. తర్వాత కాస్త గొంతు తగ్గించి, నాలుగు వారాల తర్వాత గాలి ఎంతో కాస్త నిజం చెప్పరా నాన్నా అన్నారు. అటునుంచి ఏమన్నారో వినబడలేదు. పెట్టేశాక, అంత దూరం వాడికి కూడా తెలియదట అన్నారు. నన్ను దించండి అన్నాను.

బస్సులో ఆవిడ ఆ వెస్ట్ తొడుక్కునే కూర్చున్నారు. సంచీలో పెట్టుకోండి అంటే వినలేదు, కొత్తది ఒంటికి అలవాటు కావాలట, జిప్పు నేనే వేశాను, ఎడమ చెయ్యి నేనే మెల్లిగా దూర్చాను. ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ళందరూ చూస్తున్నారు. ఎదుటి సీటాయన పేపరు దించి చూసి, మళ్ళీ ఎత్తి, మళ్ళీ దించాడు. ఆవిడ నిటారుగా, కిటికీలోంచి, దుకాణాల ముందు వేలాడే బట్టల కదలికని బట్టి గాలి ఎంతుందో చూసుకుంటూ కూర్చున్నారు. రెండో మలుపు దగ్గర ఎవరో సైకిలు అడ్డం తెచ్చారు, డ్రైవరు ఒక్కసారిగా బ్రేకు తొక్కాడు. నా చెయ్యి నాకన్నా ముందు వెళ్ళింది, ఆవిడ గుండెలకి అడ్డంగా. వెళ్ళి, ఆవిడని తాకి, జారి, ముందు సీటు ఇనపకడ్డీకి మోచేయి ఠంగుమని కొట్టుకుంది. కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి. బస్సు మళ్ళీ కదిలింది. ఆవిడ తన గుండెల మీద వేళ్ళతో కొట్టి చూసుకుని, నాకేమీ తెలియనే లేదు అన్నారు, చాలా సంతోషంగా, పేపరాయనకి కూడా వినబడేలా. తర్వాత నా వైపు తిరిగారు. నా మోచేయి తన ఒళ్ళోకి తీసుకుని, బొటనవేలితో ఎముక పొడుగునా మెల్లిగా తడిమారు, ఒకచోట ఆగారు, నా మొహంలోకి చూశారు. నొప్పి ఉందా అని అడిగారు.

లేదత్తయ్యా అన్నాను. ప్రాణం పోతోంది.